అమ్మకు జకాత్ ఇవ్వవచ్చా?

 

 

గత రంజాన్ చివరి పది రోజులలో ఒక రాత్రి, తరావీహ్ ముగించుకొని గదికి వచ్చేసరికి కువైట్ నుండి ఫోన్ వచ్చింది. మన ఊరి అబ్బాయే. అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా పని చేస్తున్నాడు. సలాం చేసి, కాసేపు తటపటాయించి, "హజ్రత్, అల్లాహ్ దయ వల్ల ఈ ఏడు నా మీద జకాత్ విధి అయింది. ఊళ్ళో మా అమ్మ ఒక్కతే ఉంది. ఆదాయం లేదు, మందుల ఖర్చు పెరిగింది. ఆమె కన్నా పేదవారు నాకెవరున్నారు? నా జకాత్ ఆమెకే పంపుతాను, చెల్లుతుందా?" అని అడిగాడు.

చెల్లదని చెప్పాను.

అతను నొచ్చుకున్నాడు. "చెల్లెలికి ఇస్తే చెల్లుతుంది, పిన్నమ్మకు ఇస్తే చెల్లుతుంది, బంధువుకు ఇచ్చిన దానికి రెండింతల పుణ్యమని మీరే చెబుతారు. కన్నతల్లికి ఇస్తే ఎందుకు చెల్లదు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అడిగినవాడి మనసులో కల్మషం లేదు. తల్లి అవసరం గుర్తించాడు, తన ధనంలో అల్లాహ్ వాటాను గుర్తించాడు, రెంటినీ ఒకచోట కలపాలనుకున్నాడు. అయినా ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అందులో అతని ఒక్కడి పొరపాటు కాదు, మనందరి పొరపాటూ ఉంది.

సోదరులారా! అప్పున్నవాడు ఆ అప్పును తన జకాత్‌తో తీర్చుకుంటానంటే మనం ఒప్పుకుంటామా? జకాత్ వేరు, అప్పు వేరు అంటాం. తల్లి విషయమూ ఇంతే. ఏ స్తోమత వల్ల ఆ అబ్బాయి మీద జకాత్ విధి అయిందో, అదే స్తోమత వల్ల పేదరాలైన తల్లి పోషణ అంతకు ముందే అతని మీద విధి అయిపోయింది. ఆమె అన్నం, ఆమె బట్ట, ఆమె మందు అతను ఎలాగూ భరించవలసినవే. వాటిని జకాత్‌తో భరిస్తే, జకాత్ సొమ్ము చుట్టూ తిరిగి మళ్ళీ అతని జేబులోకే వచ్చినట్లు. అందుకే మన ఫుఖహా తల్లిదండ్రులకూ, తాత అవ్వలకూ, కన్నబిడ్డలకూ, మనుమలకూ జకాత్ చెల్లదన్నారు. షరీఅత్ దృష్టిలో వారి ఆకలి మన ఆకలే.

ఉర్దూలో మనం ఖిద్మత్ అంటాం, తెలుగులో సేవ అంటాం. మంచి మాటలే. కాని మన నోట అవి ఎలా వస్తాయో ఒకసారి ఆలోచించండి. "మా నాన్నను నేనే చూసుకుంటున్నాను" అనే మాటలో ఆ 'నేనే' ఎంత బరువుగా పడుతుందో పక్క గదిలో ఉన్న నాన్నకు వినబడుతుంది. ఫిఖ్హ్ గ్రంథాలలో ఈ విషయం ఉన్న చోటు వేరు. భార్య పోషణ, చిన్నపిల్లల పోషణ చెప్పిన నఫఖా అధ్యాయంలోనే తల్లిదండ్రుల పోషణ కూడా ఉంది. పసిబిడ్డకు పాలడబ్బా కొన్నవాడెవడూ "నేను దానం చేశాను" అని చెప్పుకోడు. తల్లికి మాత్ర కొన్నప్పుడు మాత్రం మనకు దానం చేసిన తృప్తి కలుగుతుంది.

ఈ విధి ఎవరిమీద, ఎంతవరకు అన్న సంగతి వివరంగా చెబుతాను. మసీదులో నమాజు మస్అలాలు అడిగేవారు ఎందరో ఉన్నారు. ఇది అడిగేవారు అరుదు.

తల్లిదండ్రులకు సొంత ఆస్తో ఆదాయమో ఉంటే వారి ఖర్చు వారి ధనంలోనే. లేకపోతే స్తోమత ఉన్న బిడ్డలమీద. తండ్రికి ఇంకా కాస్త ఒంట్లో శక్తి ఉంది, కూలికి వెళ్ళగలడు కదా అనే సాకు హనఫీ ఫిఖ్హ్‌లో పనికిరాదు. అరవై దాటిన తండ్రిని ఎండలో నిలబెట్టి సంపాదించుకోమనడమే ఒక వేధింపు. పోషణ అంటే పూటకింత అన్నం మాత్రమే కాదు. బట్ట, తలదాచుకునే చోటు, అవసరమైన వైద్యం, తనంతట తాను లేవలేని స్థితిలో ఉంటే సాయానికి ఒక మనిషి, ఇవన్నీ అందులోనివే. బిడ్డ కూడా పేదవాడై, రోజు సంపాదన రోజుకే సరిపోతుంటే? అప్పుడు కూడా తండ్రిని వీధిలో వదలమని చెప్పలేదు. ఉన్న అన్నంలోనే ఆయన్నూ కలుపుకొని తినమన్నారు. నలుగురి కూడు ఐదుగురు తింటే ఎవరూ చావరన్నది వారి లెక్క.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ బాధ్యత కొడుకు ఒక్కడిదే కాదు. కూతురికి సొంత స్తోమత ఉంటే, మన మజ్హబ్‌లోని ప్రబలమైన అభిప్రాయం ప్రకారం ఆమె మీదా కొడుకుతో సమానంగా ఉంది. వారసత్వంలో సగం కదా అని ఇక్కడ సగం లేదు. ఉద్యోగం చేస్తున్న మన ఆడపిల్లలు, "పెళ్ళయిపోయింది, మాకేం సంబంధం?" అనకూడదు, "నీ పుట్టింటికి పైసా ఇవ్వను" అని ఆమె జీతం మీద పెత్తనం చేసే భర్త కూడా అల్లాహ్‌కు భయపడాలి. ఆమె సంపాదన ఆమెది.

మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తేదీన వృద్ధులకు 4,000 రూపాయల పింఛను ఇంటికే వస్తోంది. అల్హందులిల్లాహ్, ఎందరో ముసలివారికి అది ఊపిరి. కాని దాని వెంబడే ఒక మాట కూడా మన ఇళ్ళలోకి వచ్చింది: "పింఛను వస్తోంది కదా, ఆమెకింకేం కావాలి?" కొన్ని ఇళ్ళలో ఆ డబ్బు ఆమె చేతిలో పడిన అరగంటకే కొడుకు జేబులోకో, మనుమడి ఫోన్ రీఛార్జికో పోతుందని నాకు తెలుసు. ఆమె ఇష్టంగా ఇస్తే మనకేమీ అభ్యంతరం లేదు. అడగకుండా తీసుకుంటే దాన్ని ఏమంటారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. ఇది మొదటిదానికన్నా కష్టమైనది. కొన్నేళ్ళ క్రితం, ముప్పై దాటిన ఒక యువకుడు ఇషా తరువాత అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గర కూర్చున్నాడు. అతనికి ఆరేళ్ళ వయసులో తండ్రి ఇల్లు వదలి వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకున్నాడు. తల్లి బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచింది. ఒక పండుగకు బట్టలు లేవు, ఒక ఏడు ఫీజు కట్టలేక బడి మానేశాడు. ఇప్పుడు ఆ తండ్రి పక్షవాతంతో తిరిగి వచ్చాడు. అక్కడివారు వద్దన్నారు. ఊరి పెద్దలు ఇతనికి కబురు పెట్టారు. "తల్లిదండ్రుల రుణం తీర్చుకోవాలని అందరూ అంటున్నారు. ఆయన నాకేం అప్పు ఇచ్చాడని తీర్చుకోవాలి?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

తెలుగులో మనం తల్లిదండ్రుల రుణం అంటాం. పెంచారు కాబట్టి చూడాలి, పెట్టారు కాబట్టి పెట్టాలి అనే లెక్క అది. మంచి తల్లిదండ్రుల విషయంలో ఆ లెక్క బాగానే నడుస్తుంది. ఆ యువకుడి వంటివాడు ఎదురైనప్పుడు అది కూలిపోతుంది. నిజానికి షరీఅత్ ఈ విధిని ఆ పునాది మీద కట్టలేదు. బానిసగా ఉన్న తండ్రిని కొని విముక్తి చేస్తే తప్ప ఏ బిడ్డా తండ్రి రుణం తీర్చుకోలేడన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అంటే మనం తీర్చుకోగల అప్పు కాదిది. ఒకనాడు లెక్క సరిపోయిందని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. అవతలివారు ఇవ్వలేదు కాబట్టి నా మీద లేదనడానికీ వీల్లేదు. దీనికి మూలం దైవాజ్ఞ, ఆ మనిషి అవసరం, ఆ మనిషి ద్వారా మనం ఈ లోకంలోకి వచ్చామన్న ఒక్క వాస్తవం. లుఖ్మాన్ సూరాలో అల్లాహ్ ఎంతవరకు వెళ్ళాడో చూడండి. బిడ్డను బహుదైవారాధనకు బలవంతపెట్టే తల్లిదండ్రుల మాట వినవద్దని ఆదేశించాడు. ఆ వెంటనే, ఈ లోకంలో వారితో మంచిగా మెలగమని కూడా ఆదేశించాడు. ఈ ఆయత్ ఆధారంగానే హిదాయా గ్రంథకర్త ఇమామ్ మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహ్), బిడ్డ అల్లాహ్ అనుగ్రహాలలో తేలియాడుతూ తల్లిదండ్రులను ఆకలికి వదిలేయడం ఆ మంచి మెలకువ ఎలా అవుతుందని వాదించారు. మతం వేరైనా తల్లిదండ్రుల పోషణ రద్దు కాదు. మన మధ్య కొత్తగా ఇస్లాం స్వీకరించిన సోదరులున్నారు. వారి తల్లిదండ్రులు హిందువులో క్రైస్తవులో అయి ఉంటారు. ఇది వారికీ వర్తించే మాట.

ఆ యువకుడికి నేను హజ్రత్ అస్మా (రజి) సంఘటన చెప్పాను. ఆమె హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె. ఇస్లాంకు ముందే ఆయన ఆమె తల్లికి తలాఖ్ ఇచ్చారు. తల్లి మక్కాలో బహుదైవారాధకురాలిగానే ఉండిపోయింది, కుమార్తె మదీనాకు వలస వెళ్ళింది. హుదైబియా ఒప్పందం తరువాతి కాలంలో ఆ తల్లి ఏదో ఆశించి కూతురి దగ్గరికి వచ్చింది. ఇస్లాం పట్ల మక్కువతో రాలేదు. అస్మా (రజి) తనంతట తాను నిర్ణయించుకోలేక దైవప్రవక్త (సఅసం) ను అడిగించారు. తల్లితో బంధుత్వాన్ని కలుపుకొమ్మనే వారు ఆదేశించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఆ తల్లి ఏం చేసింది, ఏం చేయలేదు అన్న విచారణ అక్కడ జరగలేదు.

అయితే ఒక సంగతి ఆ యువకుడికి చెప్పాను, మీకూ చెబుతున్నాను. తండ్రికి అన్నం పెట్టమని షరీఅత్ చెప్పింది. జరిగిన అన్యాయం జరగలేదని చెప్పమనలేదు. తల్లిని ఆ మనిషితో ఒకే కప్పు కింద ఉండమని బలవంతపెట్టమనలేదు. ఆ తండ్రి బాకీ అల్లాహ్ దగ్గర అలాగే ఉంది, ఆయన దాన్ని అక్కడ చెల్లించుకోవాలి. మన బాకీ మనం చెల్లించాలి. "మనసు రాకపోతే?" అన్నాడు. మనసు రానిదాన్ని చేయడమే విధి కదా బాబూ, మనసు వచ్చినదాన్ని ఎవరైనా చేస్తారు అన్నాను. అతను మసీదు వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకొని తండ్రిని అందులో పెట్టాడు. రెండు పూటలా క్యారియర్ పంపేవాడు, వారానికి మూడుసార్లు ఒక మనిషి వచ్చి స్నానం చేయించేవాడు. దాదాపు ఏడాదిపాటు తాను గడపలో నిలబడి చూసి వెళ్ళేవాడే తప్ప లోపల కూర్చోలేదు. నేను తొందరపెట్టలేదు. ఊళ్ళో కొందరు అతన్ని రాతి గుండెవాడన్నారు. వారిలో ఎవరూ అతని ఆరేళ్ళ వయసులో వాళ్ళింటికి ఒక శేరు బియ్యం పంపినవారు కారు.

సోదరులారా! పోషణ గురించి ఇంతసేపు చెప్పాను కాబట్టి డబ్బు పంపితే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారేమో. బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్‌లో తల్లిదండ్రుల ముసలితనం ప్రస్తావన వచ్చిన చోట అల్లాహ్ 'ఇందక' అనే మాట వాడాడు. 'నీ దగ్గర' అని అర్థం. వారిలో ఒకరో, ఇద్దరూనో నీ దగ్గర ముసలివారైతే అన్నది అక్కడి భావం. ఆ మాట లేకున్నా వాక్యం పూర్తవుతుంది. అయినా ఉంది. బాల్యంలో మనం ఎవరి దగ్గర పెరిగామో, వార్ధక్యంలో వారు మన దగ్గర ఉంటారన్నది ఆ మాట అనుకుంటున్న లోకం. మన ఊళ్ళ సంగతి చూస్తే, కడప, రాయచోటి ప్రాంతాలలో గల్ఫ్‌కు మనిషి వెళ్ళని వీధి లేదు. చదువుకున్నవారు హైదరాబాద్‌కో బెంగళూరుకో అమెరికాకో వెళ్ళారు. పొట్టకూటి కోసం వెళ్ళినవారిని నేను తప్పు పట్టను. ఆ ఇళ్ళ పొయ్యి వెలిగేది వారి చెమటతోనే. కాని హిజ్రత్ కోసం, తల్లిదండ్రులను ఏడిపించి వచ్చిన ఒక మనిషిని, వెళ్ళి వారిని ఎలా ఏడిపించావో అలా నవ్వించమని దైవప్రవక్త (సఅసం) తిప్పి పంపారన్నది హదీసు. దైవమార్గంలో వలసకే ఆ జవాబు వస్తే, రెండో అంతస్తు వేయడానికి ఇంకో నాలుగేళ్ళు అక్కడే ఉంటాననేవాడు ఒక్కసారి ఆగి ఆలోచించాలి. ఎవరు ఎప్పుడు తిరిగి రావాలో నేను చెప్పలేను. మీ అమ్మ కంటి చూపు ఎంత మిగిలిందో మీకే తెలియాలి.

దగ్గర ఉన్నవారికి కూడా ఆ ఆయత్‌లో ఒక హెచ్చరిక ఉంది. వారిని 'ఉఫ్' అని కూడా అనవద్దన్నాడు అల్లాహ్. విసుగుతో నోటినుండి వెలువడే శ్వాస అది, మాట కూడా కాదు. నా సంగతే చెబుతాను, అల్లాహ్ నన్ను క్షమించుగాక. మా అమ్మ చివరి రెండేళ్ళు నా దగ్గరే ఉంది. జ్ఞాపకశక్తి తగ్గింది. "అసర్ అయిందా?" అని అడిగేది. అయింది, నువ్వు చదువుకున్నావమ్మా అంటే సరేనని, పది నిమిషాల తరువాత మళ్ళీ అడిగేది. ఒకరోజు నేను ఏదో నికాహ్‌కు వెళ్ళే తొందరలో ఉన్నాను. నాలుగోసారి అడిగింది. "ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆమె ఏమీ అనలేదు. మరునాటి నుండి నన్ను అడగడం మానేసి, నా ఏడేళ్ళ కూతురిని పిలిచి, చెవి దగ్గర మెల్లగా అడిగేది. ఈ ఆయత్ వ్యాఖ్యానాన్ని నేను మదరసాలో చదువుకున్నాను, ఇరవై ఏళ్ళుగా మింబర్ మీద నుండి చెబుతున్నాను.

ఇప్పుడు కోడళ్ళ విషయం. ఇది చెబితే కొందరు పెద్దలకు కోపం రావచ్చు, అయినా చెప్పాలి. తల్లిదండ్రుల సేవ కొడుకు మీద, కూతురి మీద విధి. కోడలి మీద కాదు. ఆమె అత్తమామలకు చేసేది ఆమె ఔదార్యం, దానికి అల్లాహ్ దగ్గర గొప్ప ప్రతిఫలం ఉంది. తన విధిని భార్య నెత్తిన పెట్టి, ఆమె ఒకనాడు విసుక్కుంటే "నా తల్లిని చూడటం లేదు" అని చేయి ఎత్తే మగవాడు రెండు పాపాలు మూట కట్టుకుంటున్నాడు. మీ అమ్మ కాళ్ళు మీరు పట్టండి. మీ నాన్న పక్క బట్టలు మీరు ఉతకండి. మగవాడు ఆ పని చేస్తే ఇంటి పరువు పోతుందని ఏ కితాబులోనూ లేదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. హక్కు ఉంది కదా అని దాన్ని కర్రలా వాడకండి. కొడుకును కోడలి మీదికి ఉసిగొల్పితే ఆ మాట వినవలసిన బాధ్యత వాడికి లేదు; అల్లాహ్ అవిధేయతలో ఎవరికీ విధేయత లేదు. ఇంకొకటి: బతికి ఉండగానే ఉన్న ఇల్లూ పొలమూ అంతా పంచేసి, తరువాత నెలకొకరి ఇంట వంతుల భోజనానికి కూర్చోవద్దు. విరాసత్ మరణం తరువాతే. బిడ్డలు ఒత్తిడి చేసినా, మీ పేరున ఒక గది అయినా ఉంచుకోండి. జీవితకాలంలో ఇచ్చేదేమైనా ఉంటే బిడ్డల మధ్య సమానంగా ఇవ్వండి. పోషిస్తామని నమ్మించి రాయించుకొని బయటికి నెట్టిన సందర్భాలు మన మొహల్లాలోనూ ఉన్నాయి. అలాంటి వారికి 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, పోషిస్తారనే షరతు మీద రాసిచ్చిన ఆస్తి బదిలీని షరతు తప్పినప్పుడు రద్దు చేయమని కోరవచ్చు. "సొంత బిడ్డ మీద కాగితం పెట్టడం పాపం కాదా?" అని ఒక పెద్దమ్మ నన్ను అడిగింది. హక్కు అడగడం పాపం కాదమ్మా అన్నాను. ఖాజీల కాలంలోనూ తల్లిదండ్రులు ఖాజీ దగ్గరికి వెళ్ళేవారు, ఖాజీ ఉత్తర్వు ఇచ్చేవాడు. అయినా ఆమె వెళ్ళలేదు. మసీదు కమిటీ పెద్దలం ఇద్దరం ఆమె కొడుకు ఇంటికి వెళ్ళాం. అక్కడ జరిగిన మాటలు ఇక్కడ చెప్పవలసినవి కావు.

కువైట్ అబ్బాయి సంగతి మిగిలింది. ఆ రాత్రి అన్నీ చెప్పాక అతను, "అయితే జకాత్ వేరే, అమ్మది వేరే తీయాలి. ఈ నెల కష్టమే హజ్రత్" అని నవ్వాడు. ఇప్పుడు జీతం రాగానే ముందు తల్లి ఖర్చు పంపుతున్నాడు, తరువాతే మిగిలినవి. జకాత్ సొమ్ము కూడా ఆమె చేతికే పంపాడు, ఆమె కోసం కాదు. ఎవరికి ఇవ్వాలో నువ్వే చూసి నా తరఫున ఇవ్వమ్మా అన్నాడట. ఆ తల్లి ఈద్‌కు రెండు రోజుల ముందు బుర్ఖా కొంగున ఆ డబ్బు ముడివేసుకొని, మన వీధిలో ఇద్దరు వితంతువుల ఇళ్ళకు నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. మోకాళ్ళ నొప్పి గురించి ఆ రోజు ఎవరితోనూ చెప్పలేదని ఆమె పక్కింటివారు అన్నారు.

అరబీ ఖుత్బాకు ఇంకా కొద్ది నిమిషాలుంది. సున్నత్ నమాజు చేయనివారు లేచి చేసుకోండి. మొదటి వరుసలో కుడివైపు కుర్చీల దగ్గర కాస్త చోటు ఇవ్వండి, పెద్దలు ఇంకా వస్తున్నారు.